చదరంగం గళ్లలో ఇరవై అంకెలు

వంశధార ఒడ్డున ముఖలింగం కళింగనగరంగా వెలిగిన రోజుల్లో, శకం 999లో, అంటే 1078లో, అనంతవర్మ చోడగంగదేవుడు పట్టాభిషిక్తుడయ్యాడు. ఆ సంవత్సరాన్ని ఆయన తామ్రశాసనం అంకెల్లో చెప్పదు. నంద, రంధ్ర, గ్రహ అంటుంది. నందులు తొమ్మిదిమంది, దేహంలో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమవైపు పోతూ చదవాలి. 999కి ఎటునుంచి చదివినా ఒకటేననుకోండి!

ఇదే పద్ధతిలో పావులూరి మల్లన ఏకంగా ఇరవై అంకెల సంఖ్యను ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన కవి ఆయన. చదరంగంలో మొదటి గడికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4, ఇలా 64 గళ్లూ రెట్టిస్తూ పోయి మొత్తం కూడితే ఎంత? 1,84,46,74,40,73,70,95,51,615. పద్యంలో ఆ సంఖ్య బాణంతో, అంటే 5తో మొదలై, చంద్రుడితో, అంటే 1తో ముగుస్తుంది. నడుమ ఆకాశం వచ్చిన చోటల్లా సున్న. ఛందస్సు తప్పితే అంకె తప్పినట్టు తెలిసిపోతుంది. లెక్కను దాచుకోవడానికి ఇంతకన్నా గట్టి పెట్టె ఉండదు.

గళ్లలో పెట్టేవి బియ్యపు గింజలనుకుంటే, ఇన్ని గింజలు ఏ గాదెలో పడతాయి? గ్రాముకు 40 గింజలనుకుంటే సుమారు 46,000 కోట్ల టన్నులు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేలంతా పరిచినా దాదాపు 45 మీటర్ల ఎత్తు లేస్తుంది. పదిహేనంతస్తుల మేడంత!

అయితే నాకు దీని పరిమాణంకన్నా దీని లోపలి అల్లిక ముచ్చటగా ఉంటుంది. ఏ గడి తీసుకున్నా, అందులోని సంఖ్య అంతకుముందు గళ్ల మొత్తంకన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. అందుకే మన మొత్తం 65వ గడికి, అది ఉంటే, ఒకటి తక్కువ. చివర 5 ఉంది గనక 5తో భాగించవచ్చు. అంకెలన్నీ కూడితే 87. కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. బడిలో నేర్చిన వర్గాల భేద సూత్రాన్ని మళ్లీమళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537 వరసగా ఊడిపడతాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే.

చివరికి మిగిలేది 4294967297. ఇక్కడే ఫెర్మా బోల్తా పడ్డాడు. వరసలోని మిగతావాటిలాగే ఇదీ ప్రధాన సంఖ్యేనని ఆ ఫ్రెంచి గణితజ్ఞుడు నమ్మాడు. 1732లో మరో గణితజ్ఞుడు ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించి చూపాడు. భాగఫలం 6700417. అదీ ప్రధాన సంఖ్యే. అలా మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, ఏ ఒక్కటీ రెండోసారి రాదు.