గాలిని చిన్నది చేయలేం

అసలు హెలికాప్టర్‌ను చూసి మోడల్‌ను తయారు చేస్తారని అందరం అనుకుంటాం. చరిత్రలో అది తలకిందులుగా కూడా జరిగింది. ఆర్థర్ యంగ్ అనే అమెరికన్ 1928లో చిన్న హెలికాప్టర్ నమూనాలు చేయడం మొదలుపెట్టాడు. ఒక్కోటీ లేచేది, ఊగేది, పక్కకు ఒరిగి నేలకు కొట్టుకుని ముక్కలయ్యేది. పెన్సిల్వేనియాలోని పావొలీలో ఒక పాత కొట్టాన్ని వర్క్‌షాప్‌గా చేసుకుని ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నాడు. చివరికి రెక్కలకు అడ్డంగా, కొసల్లో బరువులున్న ఒక కడ్డీని బిగించాడు. యంత్రం ఒరిగినా వేగంగా తిరుగుతున్న కడ్డీ తన తలాన్ని వెంటనే వదలదు. రెక్కల కోణాన్ని తనే సర్ది ఊగిసలాటను అణుస్తుంది. తీగల ద్వారా నడిపే ఆ మోడల్‌ను 1941లో బెల్ కంపెనీ వాళ్ల ముందు ఎగరేశాడు. కంపెనీ అతన్ని పనిలోకి తీసుకుంది. అక్కడ అతను రూపొందించిన బెల్ 47 హెలికాప్టర్ 1945 డిసెంబరులో గాల్లోకి లేచింది. 1946 మార్చి 8న పౌర వినియోగానికి ధ్రువీకరణ పొందింది. అలాంటి ధ్రువీకరణ దక్కిన మొదటి హెలికాప్టర్ అదే.

మోడళ్లంటే పిల్లల సరదా అని కొట్టిపారేసే వాళ్లతో నాకు పేచీ ఇక్కడే. రెండు మీటర్ల పైచిలుకు రోటర్ (పైన తిరిగే రెక్కల చక్రం) వ్యాసం, పదిహేను ఇరవై కిలోల బరువు ఉండే రేడియో కంట్రోల్ హెలికాప్టర్ అసలుదాని ఆకారాన్ని అరువు తెచ్చుకుంటుంది తప్ప ఎగిరే విద్యను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. లోహాన్ని చిన్నది చేయగలం, బోల్టును చిన్నది చేయగలం. గాలిని, భూమ్యాకర్షణను చిన్నవి చేయలేం.

రేడియోతో నడిచే హెలికాప్టర్‌ను అదుపులోకి తెచ్చిన తొలితరం వాళ్లలో ముందుగా చెప్పుకోవలసిన పేరు జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్. 1960ల చివరి దాకా ఇలాంటివి లేచీ లేవకముందే కూలిపోయేవి. ష్లూటర్ 1970 నాటికి నిలకడగా ఎగిరే మోడల్‌ను సాధించాడు. ఆ తర్వాత హ్యూయీ కోబ్రా అనే హెలికాప్టర్ ఆకారంలో అది కిట్‌గా మార్కెట్లోకి వచ్చింది. అందులో రెక్కల కోణం స్థిరం. పైకి లేవాలంటే ఇంజిన్ వేగం పెంచాలి, దిగాలంటే తగ్గించాలి. న్యూరెంబర్గ్‌కు చెందిన కవాన్ తయారు చేసిన జెట్ రేంజర్ మోడల్‌తో రెక్కల కోణాన్నే మార్చే పద్ధతి వచ్చింది. నేటి పెద్ద మోడళ్లన్నీ ఆ దారినే నడుస్తున్నాయి. రోటర్ వేగం మారదు, కోణం మారుతుంది.

ఈ మోడళ్ల తయారీ ఎలా ఉంటుందో చెప్పడానికి లామా అనే హెలికాప్టర్‌ను ఎంచుకుంటాను. మన సైన్యం సియాచిన్ మంచు శిఖరాలకు పంపే చీతా అదే. ఫ్రెంచి డిజైన్‌ను లైసెన్సు మీద హెచ్‌ఏఎల్ తయారు చేసింది. తోక భాగానికి రేకు తొడుగు ఉండదు. ఉక్కు గొట్టాల జాలీ, దాని మీదుగా తోక రోటర్‌కు వెళ్లే షాఫ్ట్, అంతా బయటికే కనిపిస్తుంది. కప్పిపుచ్చుకోవడానికి చోటే లేదు కాబట్టి, అసలుదాన్ని అచ్చుగుద్దినట్టు కట్టే స్కేల్ మోడలర్లకు దానిమీద ప్రత్యేకమైన మక్కువ. జర్మనీలోని వారియో సంస్థ దాని కిట్‌ను కూడా అమ్మింది.

ఇప్పుడు లెక్క చూడండి. లామా రోటర్ వ్యాసం 11.02 మీటర్లు. ఐదో వంతుకు తగ్గిస్తే 2.2 మీటర్లు. గరిష్ఠ బరువు 1,950 కిలోలు. పొడవు ఐదో వంతైతే బరువు నూట ఇరవై ఐదో వంతు కావాలి, అంటే దాదాపు పదిహేనున్నర కిలోలు. ఈ బరువుకు దగ్గరగా కట్టిన మోడల్ గాల్లో ఒదిగి, బరువుగా కదులుతుంది. మరీ తేలికైతే ఈగలా అటూ ఇటూ ఎగిరిపడుతుంది. అసలు రోటర్ నిమిషానికి 350 చుట్ల చిల్లర తిరిగితే, మోడల్‌ది వెయ్యికి అటూ ఇటూగా తిరగాలి. ఆ వేగంలో 300 గ్రాముల రెక్క, దాని బరువు కేంద్రం ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తనను పట్టుకున్న బోల్టును సుమారు 200 కిలోల బరువంత బలంతో బయటికి లాగుతుంది. రెక్కకు అలా ఒక్కో బోల్టే ఉంటుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు ఒక్క స్క్రూ బిగించడానికి అంత సేపు తీసుకుంటారు. లోహంలో లోహం బిగిసే ప్రతిచోటా ఊడిపోకుండా జిగురు వేస్తారు, రెక్కల్ని గ్రాములో భాగాల వరకూ తూచి జత కుదురుస్తారు.

బయటి శరీరం ఫైబర్‌గ్లాస్. దానిమీద రివెట్ల వరసలు సిరంజి సూదితో చుక్క చుక్కగా జిగురు పెట్టి తెస్తారు, పెద్ద మోడల్‌కు అవి వేలల్లో ఉంటాయి. తలుపులు తెరుచుకుంటాయి, లోపల సీటు బెల్టులు, మీటల వరసలు, హెల్మెట్ పెట్టుకున్న పైలట్ బొమ్మ. అనుభవం ఉన్నవాళ్లు ఇవేవీ ముందు తొడగరు. గేర్లు, ఇంజిన్, రోటర్ల అస్థిపంజరాన్ని విడిగా ఎగరేసి, కంపనాలు పోయేదాకా సర్ది, అప్పుడు మాత్రమే శరీరంలో దించుతారు.

గుండెకాయ మాత్రం మారుతూ వచ్చింది. పెట్రోల్ ఇంజిన్లున్నాయి, లిథియం బ్యాటరీలతో నడిచే మోటార్లున్నాయి. అయితే కిరోసిన్ టర్బైన్ శబ్దం ఒకసారి విన్నవాళ్లకు మిగతావేవీ ఆనవు. లోపలి చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. దాని వేడిగాలి రెండో చక్రాన్ని తిప్పుతుంది, అది గేర్‌బాక్స్ గుండా రోటర్‌ను. సన్నని ఈల మొదలై, పైకి పాకి, రెక్కలు మెల్లగా కదిలే ఆ నిమిషం కోసం లక్షలు ఖర్చు పెట్టేవాళ్లున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

యంగ్ కడ్డీ ఇప్పుడు మోడళ్ల నుంచి దాదాపు మాయమైంది. దాని పనిని గైరో సెన్సార్లున్న చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తోంది. స్కేల్ మోడలర్లకు ఇది పెద్ద వరం. అసలు హెలికాప్టర్‌కు లేని కడ్డీ రోటర్ మీద తిరగనక్కర్లేదు, మూడు, నాలుగు, ఐదు రెక్కల రోటర్లు ఉన్నవి ఉన్నట్టు కట్టవచ్చు.

అయినా ఎగరేయడం తేలిక కాలేదు. గాల్లో ఒకచోట నిలపడం అరచేతి మీద కర్రను నిలబెట్టడం లాంటిది, చేయి ఆగితే పడిపోతుంది. ముక్కు మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో, ఆ తర్వాత చిన్న మోడల్ మీద నెలల తరబడి చేయి తిప్పనిదే పెద్దదాన్ని ముట్టుకోరు. స్కేల్ ఎగురుడులో అసలు కష్టం తొందరను అణచుకోవడం. అసలు యంత్రం గంటకు 200 కిలోమీటర్లతో పోతే ఐదో వంతు మోడల్ 40తో పోతేనే కంటికి సహజంగా ఉంటుంది. మలుపు వెడల్పుగా, దిగడం వాలుగా ఉండాలి. నిట్టనిలువునా దిగితే రోటర్ తను కిందికి తోసిన గాలిలోనే చిక్కుకుని పట్టు కోల్పోతుంది. అసలు హెలికాప్టర్ల పైలట్లు భయపడే ప్రమాదమే ఇది. ఏటా అమెరికాలోని మన్సీలో జరిగే ఇర్చా అనే మోడల్ హెలికాప్టర్ల మేళాలో ఒకవైపు తలకిందులుగా గిరికీలు కొట్టే కుర్రవాళ్లుంటారు. నా ఓటు రెండోవైపు వాళ్లకే: తలుపు మూసి, లైట్లు వెలిగించి, నిదానంగా లేచి, మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి మళ్లీ అదే చోట దిగేవాళ్లకు.

ఇంజిన్ ఆగిపోతే? ఈ ప్రశ్నకు లామా చరిత్రలోనే జవాబుంది. 1972 జూన్ 21న ఫ్రెంచి పైలట్ జాఁ బూలే దాన్ని 12,442 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. ఆ చలిలో ఇంజిన్ ఆరిపోయింది, మళ్లీ అంటుకోలేదు. కిందినుంచి వచ్చే గాలితోనే రోటర్‌ను తిప్పుకుంటూ నేలదాకా క్షేమంగా దిగాడు. మోడల్ పైలట్ చేయాల్సిందీ అదే. వెంటనే రెక్కల కోణం తగ్గించి తిరుగుడును కాపాడుకోవాలి, నేల దగ్గరపడ్డాక కోణం పెంచి ఆ దాచుకున్న శక్తిని ఖర్చు పెట్టాలి. రెండోసారి ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలదు.

ప్రమాదం గురించి మెత్తగా చెప్పడం తప్పవుతుంది. 2013లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, బాగా చేయి తిరిగిన పందొమ్మిదేళ్ల కుర్రవాడు తన మోడల్ రెక్క తగిలే చనిపోయాడు. అది ఇంత పెద్ద స్కేల్ మోడల్ కూడా కాదు. రోటర్ తిరుగుతుండగా దాని తలానికి సూటిగా ఎవరూ నిలబడకూడదు. జనం మీదుగా ఎగరేయకూడదు. దీనికి మినహాయింపుల్లేవు.

మన దేశంలో 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు మోడళ్లకూ చోటిచ్చాయి. చదువుకో, పరిశోధనకో, సరదాకో, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎక్కడ ఎగరేయవచ్చో, ఎంత ఎత్తుకో మ్యాపులోని రంగుల జోన్లు చెబుతాయి. మన దగ్గర ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఏరోమోడలింగ్ ఎప్పటినుంచో ఉంది. అసలు హెలికాప్టర్లకూ కొదవ లేదు. హైదరాబాద్ పక్కనే హకీంపేటలో వాయుసేన హెలికాప్టర్ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ శిక్షణకు వాడిన చేతక్‌కూ లామాకూ రోటర్, ఇంజిన్ ఒకే కుటుంబానివి. లేనిదల్లా ఓపిగ్గా నేర్పే పెద్దవాళ్లు, వారానికి ఒక్కపూటైనా వాడుకోవడానికి ఊరికి దూరంగా ఒక మైదానం. ఇంజినీరింగ్ కాలేజీలు తలుచుకుంటే ఈ రెండూ సమకూర్చగలవు.

మొదటి పనిగా ఏం కట్టాలని ఎవరైనా అడిగితే విశాఖ వెళ్లమంటాను. 2024లో నౌకాదళం సేవల నుంచి తప్పించిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్‌ను అక్కడ ప్రదర్శన కోసం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి ఇచ్చారు. ఐదు రెక్కలు, దాదాపు 19 మీటర్ల రోటర్, తొమ్మిదిన్నర టన్నుల గరిష్ఠ బరువు. ఎనిమిదో వంతుకు తగ్గిస్తే రోటర్ 2.4 మీటర్ల లోపు, బరువు పద్దెనిమిదిన్నర కిలోలు. నిబంధనల పరిధిలోనే ఉంది. టేపు, నోట్‌బుక్ పట్టుకెళ్లి రోటర్ తల దగ్గర నుంచి కొలతలు మొదలుపెట్టవచ్చు.