చాళ్ల వాకిట మామిడి కాపు

తోటలోని మామిడికీ ఇంటి ముందరి మామిడికీ పట్టే పురుగులు అవే అయినా, వాటిని అదుపు చేసే పద్ధతి రెండు చోట్లా ఒకటిగా ఉండదు. ఎకరాల తోటలో యంత్రంతో మందు కొట్టే రైతు పద్ధతిని, కొమ్మలు రెండో అంతస్తు వసారాను తాకే ముంబయి చాళ్లలో, అంటే ఒకే వసారా వెంట వరుసగా గదులుండే ఇళ్లలో, అనుసరించడం సాధ్యమూ కాదు, క్షేమమూ కాదు. ఆ వసారాలోనే బట్టలు ఆరతాయి, అప్పడాలు ఎండుతాయి, వేసవి రాత్రుల్లో మనుషులు పడుకుంటారు. కాబట్టి చాళ్ల మామిడిని కాపాడవలసింది మందుకన్నా ముందు చీపురు, గాలీ వెలుతురూ, అదను తెలిసిన పని.

పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట సముద్రపు పోటును ఆపిన తరువాత మెరకైన పల్లపు నేలలో, నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వలస వచ్చిన తెలుగు కామాటీలు స్థిరపడగా కామాటిపుర ఏర్పడింది. ఆ తరువాత బట్టల మిల్లుల్లో పనికి తెలంగాణ నేత కుటుంబాలు వచ్చాయి; 1920లలో కట్టిన వర్లీ బీడీడీ చాళ్లలోనూ తెలుగువారు నివాసమున్నారు. కామాటిపుర ఇరుకు గల్లీల్లో చెట్టుకు చోటు బహు తక్కువ, పాత ఆవరణల్లో మిగిలినవే మిగిలాయి. అయితే ఈ చుట్టుపక్కల నేల మామిడికి కొత్తది కాదు. కామాటిపురకు తూర్పున కొద్ది దూరంలోనే ఉన్న మజ్‌గావ్ మామిడికి ఒకప్పుడు ఎంత పేరుండేదంటే, 1817లో వెలువడిన థామస్ మూర్ ఆంగ్ల కావ్యం ‘లల్లా రూఖ్’లో కూడా దాని ప్రస్తావన కనిపిస్తుంది.

కాపుకు మొదటి దెబ్బ పూతలోనే తగులుతుంది. ఒక్కొక్క పూగుత్తిలో వందల నుంచి వేల వరకు పూలుంటాయి గాని చివరికి కాయగా నిలిచేవి ఏ ఒకటో రెండో కావడం మామిడికి సహజమే. ఆ కాసిని కూడా దక్కనీయనిది తేనెమంచు పురుగు. వరిగింజ కన్నా చిన్నదైన ఈ పురుగు లేత పూకాడల్లో గుడ్లు పెడుతుంది, పిల్లలూ పెద్దలూ కలిసి రసం పీల్చడంతో పూత మాడి రాలుతుంది. పురుగులు విసర్జించే తియ్యని జిగురు ఆకుల మీద పడి, దానిపై నల్లని బూజు పెరగడాన్ని మసి తెగులు అంటారు. గుబురైన చెట్టు కింద నిలబడి కొమ్మను కదిపితే పురుగులు ఒక్కుమ్మడిగా ఎగిరి ఆకులకు తగులుతూ చినుకులు పడ్డట్టు టపటపమంటాయి; ఆ చప్పుడు వినబడిందంటే పురుగు ఉద్ధృతంగా ఉన్నట్టే లెక్క. పూత లేని కాలంలో ఇది బెరడు పగుళ్లలో దాగి, నీడా తేమా ఉన్నచోట నిలదొక్కుకుంటుంది. అందుకే కాయలు కోసిన వెంటనే ఎండుపుల్లలనూ, ఒకదానికొకటి ఒరుసుకునే లోపలి కొమ్మలనూ తీసి, చెట్టు నడుమకు ఎండ సోకేలా చేయడం ఏ మందుకూ తీసిపోని చికిత్స. పూమొగ్గ తొడిగే వేళ లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లవచ్చు. మంచు రాత్రుల్లో పూత మీద తెల్లని పొడి కమ్మే బూడిద తెగులుకు నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది. పూలు పూర్తిగా విచ్చుకున్నాక మాత్రం ఏదీ చల్లరాదు, ఎందుకంటే పరాగాన్ని మోసేవి తేనెటీగలూ, మామూలు ఈగలూనూ.

చాళ్లలో మంచి ఉద్దేశంతోనే జరిగే ఒక అపకారం ఉంది. బట్టలుతికిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు రోజూ చెట్టు మొదట్లో పోస్తుంటారు. వానలు వెనుకపట్టిన తరువాత రెండు మూడు నెలలు బెట్టకు వస్తేనే మామిడి పూతకు సిద్ధమవుతుంది. ఆ కాలంలో నీరు అందితే పూతకు బదులు చిగురు వేస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ నీరు పెట్టాలి.

తెలుగు ఇంటి మామిడికి మరొక ప్రత్యేకత ఉంది. పచ్చడి కోసం కాయను గట్టిగా, పుల్లగా ఉన్నప్పుడే కోస్తారు గనుక, పక్వానికి వస్తున్న కాయను వెతుక్కునే పండు ఈగ బెడద ఆవకాయ కాయకు అంతగా ఉండదు. దానికి అసలు శత్రువు టెంక పురుగు. ఇది పిందె దశలోనే కాయ పైన గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు గుజ్జును తొలుచుకుంటూ టెంకలోకి చేరుతుంది, ఈలోగా పైన గాయం మానిపోతుంది. కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. కత్తిపీట మీద టెంకతో సహా నరికి, జీడి తీసేటప్పుడు మాత్రమే, తెల్లగా ఉండవలసిన జీడి నల్లని పొడిగా మారి, అందులో గోధుమరంగు ముక్కుపురుగు కదులుతూ కనిపిస్తుంది. ఆ దశలో చేయగలిగింది ఏమీ లేదు. ఏడాదికి ఒకే తరం గల ఈ పురుగును మరుసటి ఏటికి అడ్డుకోవడమే మార్గం. తిని పారేసిన టెంకలూ, పచ్చడికి పనికిరాక వదిలేసినవీ ఆవరణలో ఓ మూల పోగుపడితే, వాటిలోంచి వెలువడిన పురుగులు అదే చెట్టు బెరడులో తలదాచుకుని మళ్లీ పిందెల వేళకు బయటికి వస్తాయి. టెంకలను ఏరి ఆవరణ దాటించడం, మానుపై ఊడిన బెరడును గీకి శుభ్రం చేయడం ఖర్చు లేని పనులు.

పండుగా తినదలచిన కాయకు పండు ఈగతోనే పోరు. ఆడ ఈగ తొక్కను గుచ్చి గుడ్లు పెడితే పురుగులు గుజ్జును కుళ్లబెట్టి, రాలిన పండులోంచి మట్టిలోకి దిగి ప్యూపాలుగా, అంటే ఈగ కాబోయే నిద్రాదశకు, మారతాయి. దీని నష్టం ఎంతటిదంటే, భారతీయ మామిడి సరుకులో ఈ ఈగలు పట్టుబడటం వల్ల ఐరోపా సమాఖ్య 2014 మే నుంచి దిగుమతులు ఆపివేసి, 2015 జనవరిలో గాని నిషేధం ఎత్తివేయలేదు. రాలిన పండ్లను ఏ రోజుకారోజు ఏరి రెండడుగుల లోతున పూడ్చడం మొదటి రక్షణ. మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థంతో మగ ఈగలను ఆకర్షించే బుట్ట రెండో రక్షణ; దాపోలీలోని కొంకణ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘రక్షక్’ అనే పేరుతో ఇలాంటి బుట్టను రూపొందించింది. తులసిలోనూ ఇదే పదార్థం ఉంటుంది. అయితే ఈగకు గోడలు అడ్డు కావు. ఒక చాల్ వారు బుట్ట కట్టి, పక్క చాల్ వారు రాలిన పండ్లను వదిలేస్తే ఫలితం అంతంతమాత్రమే. కాయ కోడిగుడ్డంత అయినప్పుడు కాగితపు సంచి తొడిగితే ఈగ కాయను చేరలేదు. అందిన కొమ్మలకే సాధ్యమైనా, అన్నింటిలోకి నమ్మకమైన పద్ధతి ఇదే.

ముంబయిలో వానలు జూన్ రెండో వారానికి దిగుతాయి గనుక కాయలను మే నెల దాటనీయకుండా చిక్కంతో, తొడిమె కొంత మిగిలేలా కోయాలి. తొడిమె ఊడితే సొన కారి తొక్క మాడుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. మగ్గబెట్టడానికి వరిగడ్డి చాలు. కార్బైడ్ వాడకం చట్టరీత్యా నిషిద్ధం.

కొమ్మల విషయంలో మాత్రం ఒక నియమం మరువరాదు. మహారాష్ట్ర పట్టణ ప్రాంతాల వృక్ష సంరక్షణ చట్టం 1975లో వచ్చింది. ఆవరణలోని చెట్టయినా నగరపాలక సంస్థ అనుమతి లేనిదే నరకరాదు, కొమ్మలు కొట్టడానికీ వార్డు ఉద్యాన విభాగాన్ని సంప్రదించాలి. ఆలస్యంగా, పూతకు ముందు కొమ్మలు తీస్తే ఆ ఏటి కాపు పోతుంది కాబట్టి, కాయలు దిగే మే నెలలోనే చాల్ సంఘం పేర దరఖాస్తు ఇచ్చుకోవడం మంచిది.