గుర్రపువాతం ఆనవాలు పట్టిన రక్తపరీక్ష

గర్భం ఇరవయ్యో వారం దాటాక రక్తపోటు 140/90కి లేదా అంతకు పైకి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాల వంటి అవయవాలు దెబ్బతింటున్న గుర్తులు కనబడటమో జరిగితే వైద్యులు దానిని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి మూర్ఛలు వస్తే తెలుగునాట గుర్రపువాతం అని పిలుస్తారు. ఈ జబ్బును పట్టుకోవడానికి వైద్యులకు చాలాకాలం రెండే సాధనాలు ఉండేవి. మూర్ఛలు వచ్చిన గర్భిణుల మూత్రంలో ఆల్బుమిన్ ఉంటుందని లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ 1843లో గమనించగా, చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో రూపొందించాడు. ఈ రెండూ నేటికీ అమూల్యమైనవే అయినా, జబ్బు శరీరానికి చేసిన నష్టాన్ని చూపుతాయి తప్ప ఆ నష్టానికి మూలమైన మాయలో ఏం జరుగుతోందో చెప్పలేవు. ఆ లోటును కొంతవరకు తీర్చిన రక్తపరీక్ష పుట్టడానికి మరో శతాబ్దం పట్టింది.

మాయ గర్భాశయపు గోడకు అతుక్కునే దశలో ట్రోఫోబ్లాస్టులనే దాని కణాలు తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి, సన్నగా మెలితిరిగి ఉండే ధమనుల కండర పొరను కరిగించి వాటిని వెడల్పు చేస్తాయి. ఈ మార్పు సరిగా జరిగితేనే శిశువుకు కావలసినంత రక్తం ధారాళంగా అందుతుంది. కొత్త నాళాలు మొలవడానికీ, ఉన్న నాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికీ రెండు ప్రొటీన్లు ముఖ్యం: ఒకటి రక్తనాళాల వృద్ధి కారకమైన వీఈజీఎఫ్, రెండవది మాయ వృద్ధి కారకమైన పీఎల్‌జీఎఫ్. ఇవి కణం ఉపరితలంపై ఉండే గ్రాహకాలను, అంటే బయటి రసాయన సంకేతాన్ని అందుకుని కణంలోపలికి చేరవేసే ప్రొటీన్లను, తాకినప్పుడే వాటి ప్రభావం కనబడుతుంది.

ఈ పాత్రలన్నీ దాదాపు ఒకే కాలంలో వెలుగులోకి వచ్చాయి. అమెరికాలో నపోలియోన్ ఫెరారా బృందం 1989లో వీఈజీఎఫ్‌ను గుర్తించింది. 1990లో జపాన్‌లో మసబుమి షిబుయా బృందం ఫ్లిట్-1 అనే గ్రాహకపు జన్యువును వేరుచేయగా, అది వీఈజీఎఫ్‌కు గ్రాహకమని రెండేళ్లకు తేలింది. 1991లో నేపుల్స్ శాస్త్రవేత్తలు పీఎల్‌జీఎఫ్‌ను మానవ మాయ నుంచే కనుగొన్నారు. అన్నిటికంటె విచిత్రమైనది 1993లో బయటపడింది. ఫ్లిట్-1 జన్యువు నుంచే కణపొరలో నాటుకునే భాగమూ, లోపలికి సంకేతం పంపే భాగమూ లేని మరో పొట్టి ప్రొటీన్ తయారవుతుందని, అది కణాన్ని విడిచి బయటకు వస్తుందని కెండాల్, థామస్ అనే పరిశోధకులు చూపారు. ఈ కరిగే ఫ్లిట్-1 ఇల్లు లేని గుమ్మం వంటిది: వృద్ధి కారకాలు వచ్చి దానికి అతుక్కుంటాయి, కాని వాటి సందేశం ఏ కణానికీ చేరదు.

అప్పటికి అది ఒక ప్రయోగశాల విశేషం మాత్రమే. దానిని జబ్బుతో ముడిపెట్టినది బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్యకేంద్రంలో పనిచేసిన మూత్రపిండ వైద్యుడు అనంత్ కరుమంచి, ఆయన సహోద్యోగి షారన్ మేనార్డ్, మరికొందరు. ప్రీఎక్లాంప్సియా ఉన్న స్త్రీల మాయలో కరిగే ఫ్లిట్-1 మితిమీరి తయారవుతోందని, రక్తంలో పీఎల్‌జీఎఫ్, వీఈజీఎఫ్‌ల స్వేచ్ఛా మోతాదులు పడిపోతున్నాయని గుర్తించిన ఈ బృందం, అదే ప్రొటీన్‌ను గర్భంతో ఉన్న ఎలుకల శరీరంలో అధికంగా తయారయ్యేలా చేయగా, వాటికి రక్తపోటు పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ కనబడింది, మూత్రపిండాల్లోని వడపోత నాళాలు ప్రీఎక్లాంప్సియాలో వలెనే ఉబ్బాయి. 2003లో వెలువడిన ఈ పరిశోధన మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే ఒక పదార్థాన్ని ముద్దాయిగా నిలబెట్టింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్ వాడిన రోగుల్లోనూ రక్తపోటు పెరగడం, మూత్రంలో ప్రొటీన్ పోవడం కనబడటం ఈ వాదనకు విడిగా దొరికిన సాక్ష్యం.

మరుసటి ఏడాది రిచర్డ్ లెవీన్, కరుమంచి తదితరులు, క్యాల్షియంపై జరిగిన ఒక పాత పరిశోధనలో నిల్వచేసిన గర్భిణుల సీరం నమూనాలను తిరిగి పరీక్షించారు. జబ్బు లక్షణాలు బయటపడటానికి సుమారు ఐదు వారాల ముందే కరిగే ఫ్లిట్-1 పెరగడం మొదలవుతోందని, పీఎల్‌జీఎఫ్ అంతకంటె ముందునుంచే తక్కువగా ఉంటోందని వాటిలో కనబడింది. ఒక రోగకారణ సిద్ధాంతం రక్తపరీక్షగా మారగలదని నిరూపించినది, ఈ వ్యాసకర్త దృష్టిలో, ఎలుకల ప్రయోగం కంటె శీతల గిడ్డంగిలోని ఆ పాత సీసాలే.

తరువాతి పని యంత్రాలది. రోష్ సంస్థ రూపొందించిన పరీక్షలో ఒక్కొక్క ప్రొటీన్‌కు రెండేసి ప్రతిరక్షకాలు వాడతారు. ఒకటి ప్రొటీన్‌ను అయస్కాంత రేణువులకు అంటిస్తే, రెండవది దానికి రుథేనియం అనే లోహపు గుర్తును తగిలిస్తుంది. విద్యుత్తు ప్రసరించగానే ఆ లోహ సమ్మేళనం వెలుగునిస్తుంది, వెలుగు ఎంత ఎక్కువైతే ప్రొటీన్ అంత ఎక్కువ. యంత్రం ఈ కొలతకు తీసుకునే సమయం సుమారు 18 నిమిషాలు. జబ్బులో కరిగే ఫ్లిట్-1 పెరుగుతూ పీఎల్‌జీఎఫ్ తగ్గుతూ ఉండటం వల్ల, విడివిడి అంకెల కంటె మొదటిదానిని రెండవదానితో భాగించగా వచ్చే నిష్పత్తి తేడాను మరింత స్పష్టంగా చూపుతుంది.

ఆ నిష్పత్తికి హద్దు ఏది? 14 దేశాల్లో జరిగి 2016లో ప్రచురితమైన అధ్యయనం 38 అనే అంకెను నిలబెట్టింది. ప్రీఎక్లాంప్సియా ఉందేమోనని అనుమానించిన గర్భిణిలో నిష్పత్తి 38 లేదా అంతకు తక్కువైతే రాబోయే వారంలో ఆ జబ్బు రాదన్న మాట 99.3 శాతం నిజమైంది. అంతకు మించినవారిలో నాలుగు వారాల్లోపు జబ్బు వచ్చినవారు మాత్రం 36.7 శాతమే. అంటే ఈ పరీక్ష బలం ‘లేదు’ అని చెప్పడంలో ఉంది, ‘ఉంది’ అని తీర్పు ఇవ్వడంలో కాదు. అకారణంగా ఆసుపత్రిలో ఉంచడాన్ని, తొందరపాటు కాన్పును తప్పించగల ఆ ‘లేదు’ విలువ తక్కువేమీ కాదు. పీఎల్‌జీఎఫ్ ఒక్కదానినే కొలిచి బ్రిటన్‌లోని 11 ఆసుపత్రుల్లో చేసిన మరో పరిశోధనలో, ఫలితాన్ని వైద్యులకు తెలియజేసినప్పుడు జబ్బును నిర్ధారించే సమయం 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి నిష్పత్తి పరీక్షకు 2023 మే నెలలో అనుమతినిచ్చింది.

కారణం తెలిసినప్పుడు చికిత్సా దొరకాలన్న ఆశ సహజం. తల్లి రక్తాన్ని ప్రత్యేక వడపోతల గుండా పంపి కరిగే ఫ్లిట్-1ను కొంత తొలగించే ప్రయత్నం రవి థధాని బృందం చేసి, కొద్దిమంది స్త్రీలలో గర్భాన్ని కొన్ని రోజులు పొడిగించగలిగింది; అయితే అది సాధారణ వైద్యంగా స్థిరపడలేదు. మాయ బయటకు వస్తేనే జబ్బు తగ్గుముఖం పడుతుందన్న పాత సత్యం మారలేదు, కాన్పు తరువాత కూడా కొన్ని రోజులు మూర్ఛల ముప్పు ఉంటుంది.

ఈ జబ్బుతో తల్లులు ఎక్కువగా చనిపోతున్నది పేద, మధ్యాదాయ దేశాల్లో. ఈ పరీక్ష కోరుకునే ప్రయోగశాల యంత్రాలు, ఖర్చు అందుబాటులో లేనిదీ ఆ ప్రాంతాల్లోనే. చవకైన పరికరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వచ్చేవరకు, ఐదో నెల దాటిన ప్రతి గర్భిణికీ రక్తపోటు, మూత్రపరీక్ష ఏ తనిఖీలోనూ తప్పకూడదు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖంలో హఠాత్తుగా వచ్చిన వాపు కనబడితే మరునాటి దాకా ఆగకుండా ఆమెను అప్పుడే ఆసుపత్రికి చేర్చాలి.