ర్యాంకుల పట్టికలో ఒక తెలుగు ఇంటిపేరు

2023 సెప్టెంబరు 18, సోమవారం, వినాయక చవితి. మేలూరులో మా ఇంట్లో ఆడవాళ్ళు చీకటితోనే లేచి కుడుములకు పిండి కలుపుతున్నారు. నేను మాత్రం స్నానం కూడా చేయకుండా సెల్‌ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో కాలిఫోర్నియాలోని నాపా ఊళ్ళో అప్పటికి ఆదివారం సాయంత్రం. అక్కడ గోల్ఫు పోటీ చివరి గుంటలకు వచ్చింది. పట్టికలో మొదటి పేరు సహిత్ తీగల.

మా మనవరాలు వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది.

"తాతా, తీగల అని రాసుండాదే! మన మల్లెతీగ మాదిరి తీగేనా?"

"అవును పాపా, ఆ తీగే. అది వాళ్ళ ఇంటిపేరు."

"అట్లయితే మన ఇంటిపేరు ఏంది?"

పాప చదివే బళ్ళో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఇక్కడ మన పేరుకు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరమే. ఇంటిపేరు పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు బయటికి వస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది. నాయకరాజుల కాలం నుంచి ఈ నేలమీద ఉన్న మన కుటుంబాల్లో ఎన్నో ఇంటిపేర్లు ఏ కాగితంలోనూ లేకుండా నోటిమాటగానే నిలిచాయి. అలాంటిది అమెరికా పోటీలో ఒక తెలుగు ఇంటిపేరు అందరికంటే పైన కనబడితే, ముసలివాడు స్నానం మరచిపోయాడంటే తప్పు పట్టకండి!

నేను గోల్ఫు కర్ర ఒక్కసారి కూడా పట్టినవాణ్ణి కాను. మా మేలూరు పొలాలకు నీళ్ళిచ్చే పెరియారు ఆనకట్ట 1895లో పూర్తయింది. అదే సంవత్సరం కొడైకానల్ కొండమీద గోల్ఫు క్లబ్బు పెట్టారు. కొండ కింద ఉన్న మాకు నీళ్ళు అందాయి గాని ఆట అందలేదు. పేపరులో ఆటల పేజీ చదివి చదివి నేర్చుకున్నదే నాకు తెలిసిన గోల్ఫు. మన పాఠకుల్లో చాలామంది పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఉంటారు కనుక, వాళ్ళతో మాట్లాడేటప్పుడు పనికి వస్తుందని నాకు తెలిసింది చెబుతాను.

ఆట సంగతి చాలా తేలిక. మైదానంలో 18 గుంటలు. ఒక్కొక్క గుంటకు ఇన్ని దెబ్బల్లో బంతి వేయాలని ఒక లెక్క ఉంటుంది. దాన్ని పార్ అంటారు. ఒక దెబ్బ తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. గురువారం నుంచి ఆదివారం వరకు నాలుగు రోజులు ఆడి, అందరికంటే తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలుస్తాడు. రెండు రోజులు కాగానే వెనుకబడినవాళ్ళను ఇంటికి పంపేస్తారు. దానికి కట్ అని పేరు.

ఏడాదిలో ఎన్ని పోటీలున్నా మేజర్లు నాలుగే. ఏప్రిల్‌లో అగస్టాలో మాస్టర్స్, మేలో పి.జి.ఎ. చాంపియన్‌షిప్, జూన్‌లో యు.ఎస్. ఓపెన్, జూలైలో బ్రిటన్‌లో జరిగే ది ఓపెన్. అన్నిటికంటే పాతది ది ఓపెన్, 1860లో మొదలైంది. మాస్టర్స్ 1934లో మొదలైనా, గెలిచినవాడికి తొడిగే పచ్చకోటు వల్ల దానికి పేరు ఎక్కువ. మాస్టర్స్ చివరి రోజు ఆట ముగిసేసరికి మనకు సోమవారం తెల్లవారుజాము నాలుగున్నర దాకా అవుతుంది. ది ఓపెన్ అయితే ఆదివారం రాత్రి పదకొండుకల్లా తేలిపోతుంది. నిద్ర పాడుచేసుకోలేనివారు జూలై పోటీతో మొదలుపెట్టండి.

మనవాళ్ళూ ఈ మేజర్లలో తలెత్తుకునే ఆట ఆడారు. 2007లో జీవ్ మిల్ఖా సింగ్ మాస్టర్స్‌లో ఆడిన మొదటి భారతీయుడయ్యాడు. 2015 పి.జి.ఎ. చాంపియన్‌షిప్‌లో అనిర్బన్ లాహిరి అయిదో స్థానం పంచుకున్నాడు.

ఇక ర్యాంకులు. ఈ లెక్క 1986లో మొదలైంది. మొట్టమొదటి నంబర్ వన్ జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ లాంగర్. ఆటగాడు రెండేళ్ళలో సంపాదించిన పాయింట్లే లెక్కకు వస్తాయి. పాయింటు వచ్చిన 13 వారాలు నిండుగా ఉంటుంది. తరువాతి 91 వారాల్లో వారం వారం కొంచెం కరిగి చివరికి సున్నా అవుతుంది. మొత్తాన్ని ఆడిన పోటీల సంఖ్యతో భాగిస్తారు. నలభై కంటే తక్కువ ఆడినా నలభైతోనే భాగిస్తారు. అంటే జబ్బుపడి ఇంట్లో కూర్చున్నవాడికి రెండు వైపులా నష్టమే. పాత పాయింట్లు కరుగుతాయి, కొత్తవి రావు. ఏడాది చివర మొదటి యాభైమందిలో ఉన్నవాడికి మాస్టర్స్ పిలుపు వస్తుంది కనుక, 50కీ 51కీ మధ్య తేడా ఆటగాడికి చాలా పెద్దది.

ఇప్పుడు సహిత్ దగ్గరికి వద్దాం. తల్లిదండ్రులు మురళీధర్, కరుణ. హైదరాబాదు నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడిన కుటుంబం. 1997 ఏప్రిల్‌లో టైగర్ వుడ్స్ 21 ఏళ్ళ వయసులో 12 దెబ్బల తేడాతో మాస్టర్స్ గెలిచాడు. ఆ సంవత్సరమే డిసెంబరులో సహిత్ పుట్టాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుకుని 2020లో వృత్తి ఆటగాడయ్యాడు.

మొదట్లో అతని వెంట నడవడం మనసుకు కష్టంగానే ఉండేది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్‌లో గెలుపు చేతికందేలా ఉండగా 17వ గుంట దగ్గర బంతి దొర్లి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ తప్పిపోయింది. అదే జూన్‌లో కనెక్టికట్‌లో చివరి గుంట దగ్గరికి ఒక దెబ్బ ముందంజలో వచ్చాడు. బంతి ఇసుక గుంటలో చిక్కింది, నాలుగు దెబ్బల గుంటకు ఆరు పట్టాయి. గెలుపు జాండర్ షాఫ్లీది అయింది. 2023 ఏప్రిల్‌లో మొదటిసారి మాస్టర్స్ ఆడి తొమ్మిదో స్థానంలో నిలిచాడు. మొదటి పన్నెండు స్థానాలవారికి మరుసటి ఏడు మళ్ళీ పిలుపు ఉంటుంది. ఆ తరువాత వచ్చింది మా చవితి పొద్దు. నాపాలో రెండు దెబ్బల తేడాతో గెలిచాడు. పి.జి.ఎ. టూర్‌లో అది అతని మొదటి గెలుపు. ఆ రోజు మా ఇంట్లో కుడుములు రెండు ఎక్కువే తిన్నాను.

అయినా అతను నా మనసులో నిలిచింది ఆ గెలుపు వల్ల కాదు. 2024లో అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ జరిగింది. మూడో రోజు మూడో గుంట దగ్గర అతని బంతి ఇసుకలో పడింది. ఇసుక గుంటలో కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు ఇసుకను తాకకూడదని నియమం. కర్ర కొన్ని రేణువులను తాకినట్టు అతనికి అనిపించింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అతనే అధికారిని పిలిచి సంగతి చెప్పి, రెండు దెబ్బల శిక్ష నెత్తిన వేసుకున్నాడు.

పోటీ ముగిసేసరికి సహిత్ పార్‌కు 24 తక్కువ, కాలిన్ మొరికావా 26 తక్కువ. రెండో స్థానానికి బహుమతి కోటీ 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకుంటే ఇద్దరూ సమానమై చెరి కోటి పంచుకునేవారు. ఇసుక రేణువుల ఖరీదు 25 లక్షల డాలర్లని లెక్క తేలుతుంది.

ఇలాంటి కథ గోల్ఫులో పాతదే. 1925 యు.ఎస్. ఓపెన్‌లో బాబీ జోన్స్ తన బంతి కదిలిందని తానే చెప్పి ఒక దెబ్బ శిక్ష తీసుకున్నాడు. చివరికి ఆ పోటీ ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. మాస్టర్స్ పోటీని స్థాపించినవారిలో ఆయన ఒకరు.

ఈ కథ మనవరాలికి చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఎవరూ చూడలేదు కదా తాతా, చెప్పకుంటే ఏమి?" అంది. "వాడు చూసినాడు కదమ్మా" అన్నాను. పాపకు ఆ మాట పూర్తిగా నచ్చలేదు. కోటి డాలర్లంటే ఎన్ని సైకిళ్ళు వస్తాయో లెక్క వేస్తూ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మాత్రం బడినుంచి వచ్చి, లెక్కల పరీక్షలో టీచరు పొరపాటున రెండు మార్కులు ఎక్కువ వేస్తే తానే పోయి చెప్పానని, ఆ రెండూ తగ్గించారని ముఖం వేలాడేసుకుని చెప్పింది. ఆ సాయంత్రం సంతకు తీసుకుపోయి అడిగినవన్నీ కొనిపెట్టాను.

2024లో మొదటి ఇరవైలో ఉన్న సహిత్ 2025లో మెడ నొప్పితో కొన్నాళ్ళు ఆటకు దూరమయ్యాడు. పైన చెప్పిన లెక్క ప్రకారమే ర్యాంకు జారింది. సోమవారం సోమవారం ఆ అంకెను నేనొక నోటుబుక్కులో రాసుకుంటాను. పైకి పోయేవాణ్ణి అందరూ చూస్తారు. జారినవాడు మళ్ళీ ఎట్లా లేస్తాడో చూడడమే అభిమాని పని.

ఆ నోటుబుక్కు అట్ట మీద మా పాప తెలుగులో మా ఇంటిపేరు రాసి, దాని పక్కన తన పేరు రాసుకుంది. ఇంటిపేరులో ఒక దీర్ఘం తప్పిపోయింది. నేను దిద్దబోతే ఊరుకోలేదు, తానే దిద్దుకుంది.

వచ్చే ఏప్రిల్‌లో మాస్టర్స్ చివరి రాత్రి మీ ఇంట్లో పిల్లలతో కలిసి ఒక్క గంట చూడండి. పట్టికలో పేర్లు చదివేటప్పుడు మీ ఇంటిపేరు కూడా వాళ్ళకు చెప్పండి.