మాంసానికి వయసు, విత్తుకు సత్తువ

ఆదివారం పొద్దున టెల్కో కాలనీలో మాంసం కొట్టుకు వెళ్ళే తెలుగు గృహస్థు ముందుగా తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: వేలాడుతున్నది లేతదా, ముదురుదా? ధర సంగతి, ఎముకల సంగతి ఆ తరవాతే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికీ, 1945లో టెల్కో మొదలయ్యాక ఇక్కడి ఇంజన్ల పనికీ వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో తాతల నాటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. ఝార్ఖండ్‌లో అందరూ మెచ్చే ఖస్సీ మాంసం, అంటే చిన్నప్పుడే విత్తులు తీసి పెంచిన మేకపోతు మాంసం, ఆ ప్రశ్నకు ఈ నేల ఇచ్చిన జవాబు.

కాలనీకి ఉత్తరాన సువర్ణరేఖ నది దాటితే దల్మా కొండలు. ఏనుగులు, అడవి పందులు, మొరిగే జింకలు తిరిగే అభయారణ్యం అది. ఏటా వైశాఖంలో ఆదివాసులు సెంద్రా వేట పండుగ జరుపుకునేది ఆ కొండల్లోనే. సెంద్రాలో వేట ఊరందరిదీ. దొరికినదాన్ని పంచుకోవడం ఆచారం. రాజులూ తెల్లదొరలూ ఆడిన షికారు వేరు. అక్కడ జంతువు విలువను దాని కొమ్ముల పొడవే తేల్చేది. ఒకే జంతువుకు ఇలా రెండు కొలబద్దలున్నాయి: తినేవాడు వయసు చూస్తాడు, గోడకు తల తగిలించుకునేవాడు కొమ్ము చూస్తాడు. వీటిలో ఏది సరైనదో జీవశాస్త్రం చాలా స్పష్టంగా చెబుతుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. లైసెన్సులతో మిగిలిన కొద్దిపాటి వీలును 1991 సవరణ తీసేసింది. కనుక వేట గురించిన ఈ జ్ఞానం మనకు ఇవాళ అక్కరకొచ్చేది అడవిలో కాదు, మేకల మందలో. అక్కడ దాని అవసరం చాలా ఉంది.

లేతదనం ఎక్కడుంది?

కండరంలో ప్రధానంగా రెండు భాగాలు. ముడుచుకుంటూ సాగుతూ పనిచేసే కండర తంతువులు ఒకటి. ఆ తంతువులను విడివిడిగా చుట్టి, కట్టలుగా కూర్చి, చివరకు ఎముకకు అతికించే సంయోజక కణజాలం రెండోది. ఈ రెండోదానిలో ముఖ్యమైన ప్రోటీన్ కొలాజెన్. మూడు పేటలు కలిపి పురిపెట్టిన తాడులా ఉంటుంది దాని అణువు. ఇరుగుపొరుగు అణువుల మధ్య రసాయన బంధాలు ఏర్పడి వాటికి బలాన్నిస్తాయి. లేత జంతువులో ఇవి రెండేసి గొలుసులను కలిపే బంధాలు. వేడి తగిలితే విడిపోతాయి. వయసు పెరిగేకొద్దీ అవే మూడేసి గొలుసులను బిగించే స్థిరమైన బంధాలుగా మారతాయి. పిరిడినోలిన్ అలాంటిదే. అంటే ముదురు జంతువులో కొలాజెన్ మోతాదు పెద్దగా పెరగకపోయినా, వేడికి కరిగే భాగం మాత్రం తగ్గిపోతుంది.

పొయ్యి మీద జరిగేదంతా దీన్నిబట్టే. సుమారు 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలాజెన్ ముడుచుకుని తంతువుల్లోని నీటిని పిండేస్తుంది. సగం ఉడికిన ముక్క పచ్చి ముక్కకన్నా గట్టిగా ఉండేది అందుకే. 80 డిగ్రీలు దాటిన తడి వేడిలో చాలాసేపు ఉంటే కొలాజెన్ జెలటిన్‌గా కరిగి పులుసుకు చిక్కదనాన్నిస్తుంది. ప్రెషర్ కుక్కర్ లోపలి వేడిని 120 డిగ్రీల దాకా తీసుకెళ్ళి ఈ పనిని త్వరగా ముగిస్తుంది. లేత మేకలో కరిగేది ఎక్కువ కాబట్టి కొద్ది విజిళ్ళకే ముక్క మెత్తబడుతుంది. ముదురుదాన్ని అంతకు రెట్టింపు సేపు ఉంచాలి. ఈలోగా తంతువుల్లోని నీరంతా పోయి ముక్క పీచులు పీచులుగా విడిపోతుంది. ఎక్కువ పనిచేసే మెడ, ముంగాళ్ళ కండరాల్లో సంయోజక కణజాలం ఎక్కువ, వీపు కండరంలో తక్కువ. జంతువు ముదిరేకొద్దీ ఈ భాగాల మధ్య తేడా మరింత తెలుస్తుంది.

మన కొట్లలో వయసు ప్రాధాన్యం ఇంకా పెరగడానికి మరో కారణం ఉంది. కోసిన కొన్ని గంటలకు కండరంలో శక్తినిచ్చే ఏటీపీ అయిపోయి తంతువులు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఆ తరవాత చల్లటి గదిలో కొన్ని రోజులు వేలాడదీస్తే కాల్పెయిన్ అనే ఎంజైములు తంతువులను నెమ్మదిగా సడలిస్తాయి. చాలా దేశాల్లో పెద్ద పశువు మాంసాన్ని అలా నిలవుంచాకే అమ్ముతారు. మన దగ్గర పొద్దున కోసింది మధ్యాహ్నానికి కూరవుతుంది. ఎంజైములకు ఆ వ్యవధి దొరకదు కనుక మెత్తదనం భారమంతా జంతువు వయసు మీదే పడుతుంది.

అలాగని వయసు ఎంత తక్కువైతే అంత మంచిదని కాదు. కండరానికి ఎర్రదనాన్నిచ్చే మయోగ్లోబిన్, రుచికి ఆధారమైన కొవ్వు వయసుతోనే చేరతాయి. పాలు మరవని పిల్లను కోస్తే బరువూ రాదు, రుచీ రాదు. బాగా పెరిగి, ఇంకా ముదరని దశ ఒకటుంది. అనుభవమున్న కసాయి చేయి వెతికేది దాన్నే.

నోరు చెప్పే వయసు

మేక వయసు తెలుసుకోవడానికి కొమ్ము కన్నా పళ్ళు నమ్మకమైన ఆధారం. కింది పెదవిని బొటనవేలితో కిందికి లాగి చూస్తే ముందు వరసలో ఎనిమిది పళ్ళు కనిపిస్తాయి. పైదవడ ముందుభాగంలో పళ్ళుండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. ఎనిమిదీ చిన్నగా, తెల్లగా, సమానంగా ఉంటే అవి పాలపళ్ళు. మేకకు ఏడాది నిండలేదన్నమాట. మధ్యలో రెండు పళ్ళు ఊడి వాటి స్థానంలో రెండు వెడల్పాటి పళ్ళు వస్తే ఏడాది దాటింది. రెండో జత సుమారు రెండేళ్ళకు, మూడోది మూడేళ్ళకు, చివరిది నాలుగేళ్ళకు వస్తాయి. జాతిని, మేతను బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతాయి గానీ వరస మారదు.

కోసిన తరవాత కూడా ఆనవాళ్ళుంటాయి. లేత మాంసం రంగు గులాబీకి దగ్గరగా, కొవ్వు తెల్లగా ఉంటాయి. పక్కటెముకలు సన్నగా, గుండ్రంగా, కాస్త ఎర్రగా కనిపిస్తాయి. ముదురు జంతువులో అవి వెడల్పై, చదునై, తెల్లబడతాయి. ఇంకా నిక్కచ్చి పరీక్ష ముంగాలి ఎముకలో ఉంది. గొర్రెపిల్లలో ఆ ఎముక చివర పెరుగుదలకు తావిచ్చే మృదులాస్థి పట్టీ ఉంటుంది. అక్కడ విరిస్తే ఎర్రటి, తడి, పళ్ళు పళ్ళుగా ఉన్న ఉపరితలం బయటపడుతుంది. ఎదిగిన గొర్రెలో ఆ పట్టీ ఎముకగా మారిపోతుంది కనుక అక్కడ విరగదు. లేత గొర్రె మాంసాన్ని ముదురుదాని నుంచి వేరుచేయడానికి మాంస పరిశ్రమ దీన్ని ఒక కొలమానంగా వాడుతుంది.

పెద్ద మగది, పరుగెత్తినది

కొమ్ములు తిరిగిన పెద్ద మగ జంతువు మాంసంలో ముదురుదనంతో పాటు మరో లోపం ఉంటుంది. ఎదకాలంలో పోతు మేక కొవ్వులో 4-ఇథైల్ ఆక్టనోయిక్ ఆమ్లం వంటి శాఖాయుత కొవ్వు ఆమ్లాలు చేరతాయి. మేకపోతు కంపుకు మూలమిదే. ఆడవాటి కోసం పోట్లాడుతూ సరిగా మేయకపోవడంతో ఒంట్లో కొవ్వూ తగ్గుతుంది. చిన్నప్పుడే విత్తులు తీస్తే మగ హార్మోను తగ్గి ఆ వాసన రాదు. కొవ్వు కూడా బాగా పడుతుంది. ఖస్సీకున్న ఆదరణ వెనక ఉన్న రసాయనశాస్త్రం ఇది.

వేటలో దీనికి ఇంకో ఇబ్బంది తోడవుతుంది. ప్రశాంతంగా చనిపోయిన జంతువు కండరంలో నిలవున్న గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి, పీహెచ్ ఏడు నుంచి సుమారు 5.5కు దిగుతుంది. ఆ పులుపే మాంసానికి రంగునీ నిలవనీ ఇస్తుంది. కుక్కలు తరమగా పరుగెత్తి అలసిన జంతువులో గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది. పీహెచ్ ఆరుకు పైనే ఆగిపోతుంది. మాంసం నల్లబడి, గట్టిబడి, త్వరగా చెడిపోతుంది. లారీలో కిక్కిరిసి, నీళ్ళూ మేతా లేక రాత్రంతా ప్రయాణించి సంతకు చేరిన మేకలోనూ ఇదే జరుగుతుంది. జంతువును నెమ్మదిగా చూసుకోవడం దయ మాత్రమే కాదు, మాంసం నాణ్యతకు మొదటి నియమం కూడా.

కొమ్ముల కొలబద్ద చేసిన నష్టం

1892లో లండన్‌లో రోలాండ్ వార్డ్ పెద్ద జంతువుల వేట రికార్డుల పుస్తకాన్ని ప్రచురించాడు. కొమ్ముల పొడవు, చుట్టుకొలత అంగుళాల్లో నమోదయ్యాయి. మన కృష్ణజింకకూ కణుజుకూ అడవిదున్నకూ అందులో చోటు దొరికింది. మైసూరులో వాన్ ఇంగెన్ సంస్థ షికారీలు తెచ్చిన పులుల్నీ చిరుతల్నీ గోడలకెక్కేలా తయారుచేసి ఇచ్చేది. అందరికన్నా పెద్దదాన్ని కొట్టడమే ప్రతిష్ఠ అయ్యింది.

ఆ ప్రతిష్ఠకు అడవి చెల్లించిన మూల్యాన్ని కెనడాలోని అల్బెర్టాలో లెక్కగట్టారు. రామ్ మౌంటెన్ అనే కొండపై బిగ్‌హార్న్ అడవి గొర్రెలను శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఒక్కొక్కదాన్ని గుర్తుపెట్టి తూచారు. అక్కడి నిబంధన ప్రకారం, కొమ్ము నిర్ణీతమైన మేర వంపు తిరిగిన పొట్టేలునే కాల్చవచ్చు. కొమ్ము త్వరగా పెరిగే పొట్టేలు నాలుగేళ్ళకే ఆ హద్దు చేరి వేటగాడికి చిక్కేది. పెద్ద కొమ్ముల వల్ల సంతానం కనే అవకాశం మెరుగయ్యేది ఆరేళ్ళు దాటాకే. అంటే తన లక్షణాన్ని తరవాతి తరానికి అందించకముందే ఆ పొట్టేలు మందలోంచి పోయేది. నెమ్మదిగా పెరిగేది మిగిలేది. 30 ఏళ్ళ లెక్కలతో 2003లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం, పొట్టేళ్ళ కొమ్ములూ బరువులూ తరతరానికీ తగ్గాయని చూపింది. 1996లో నిబంధనను బిగించాక ఆ తగ్గుదల ఆగింది, కానీ పోయింది వెంటనే తిరిగి రాలేదు.

ఏనుగుల విషయంలో ఇది ఇంకా వేగంగా జరిగింది. మొజాంబిక్‌లోని గొరొంగొసాలో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం ఏనుగులను విచ్చలవిడిగా చంపారు. దంతాలు లేని ఆడ ఏనుగుల వాటా యుద్ధానికి ముందు ఐదోవంతు కన్నా తక్కువ. తరవాత సగానికి చేరిందని 2021లో తేలింది.

లేతవాటిని ఎంచుకుంటే ఫలితం వేరు. అడవిలో పిల్లల్లో చాలా భాగం చలికీ ఆకలికీ క్రూరమృగాలకూ ఎలాగూ చనిపోతాయి. తరవాతి ఏడాది మందను నిలబెట్టేవి ఎదిగిన ఆడవీ, బలమైన మగవీ. స్వీడన్‌లో 1970ల నుంచి మూస్ అనే పెద్ద దుప్పి వేటను ఎక్కువగా దూడల వైపు మళ్ళించి, ఎదిగిన ఆడవాటిని వదిలేశారు. మంద తగ్గకపోగా బాగా పెరిగింది. 1980ల ఆరంభంలో ఏడాదికి లక్షన్నరకు పైగా మూస్‌లు వేటలో లభించాయి. మెత్తటి మాంసాన్నిచ్చే వయసూ, మందకు తక్కువ నష్టం చేసే వయసూ ఒకటే కావడం మనిషికి ప్రకృతి ఇచ్చిన మంచి వెసులుబాటు.

మన మందలో అదే ప్రమాదం

ఇక్కడే మన మేకల పెంపకందారులూ, కొనేవాళ్ళూ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఉంది. ఝార్ఖండ్ పల్లెల్లో పెరిగేది ఎక్కువగా బ్లాక్ బెంగాల్ జాతి. చిన్న జీవి, త్వరగా ఈడుకొస్తుంది, ఈతకు రెండేసి పిల్లల్ని కనడం మామూలు. మాంసానికీ తోలుకూ పేరున్నది. కానీ ఈ జాతిలో ఏ మగపిల్ల మిగిలినవాటి కన్నా వేగంగా బరువు పెరుగుతుందో అదే అందరికన్నా ముందు అమ్ముడుపోతుంది, లేదా ఖస్సీ అయిపోతుంది. బక్కపలచటిది, ఎవరూ కొననిది పోతుగా మందలో మిగిలి ఆడమేకలన్నిటికీ తండ్రవుతుంది. కొన్నేళ్ళు అదే పోతు తన కూతుళ్ళకూ చూలు చేస్తే దగ్గర రక్తం కలిసి పిల్లలు మరింత బలహీనపడతాయి. రామ్ మౌంటెన్ వేటగాడు తుపాకీతో చేసిన ఎంపికనే మన పల్లె అవసరం డబ్బుతో చేస్తోంది.

కాబట్టి వయసు ఒక్కటే చూడటం సరిపోదు. మాంసానికి లేతది కావాలి, నిజమే. కానీ ఆ లేతవాటిలో ఉత్తమమైనది కత్తికి పోకూడదు. కవలగా పుట్టి, పాలు బాగా ఇచ్చే తల్లి దగ్గర పెరిగి, పాలు మానేనాటికి తోటివాటికన్నా బరువు తూగే మగపిల్లను గుర్తుపెట్టి విత్తు పోతుగా ఉంచాలి. మిగిలిన మగవాటికి చిన్నప్పుడే విత్తులు తీసి, ముదరకముందే అమ్మాలి. రెండేళ్ళకొకసారి పక్క ఊళ్ళతో పోతులను మార్చుకోవాలి. ఈనే వయసులో ఉన్న ఆడమేకను కోతకు పంపకూడదు.

ఒక పేద ఇల్లాలు తన మందలో మంచి పిల్లను అమ్ముకోకుండా ఆపమంటే, ఆ నష్టాన్ని ఆమె ఒక్కతే భరించాలనడం న్యాయం కాదు. మంచి పోతును ఊరంతా కలిసి పోషించడం, సహకార సంఘాల ద్వారా దానికి తగిన ధర చెల్లించడం అవసరం. రాంచీ శివారు కాంకేలోని బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ దగ్గర చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధనా సంస్థ వంటివి మనకున్నాయి. ఒకటి మంద దగ్గర, మరొకటి మాంసం బల్ల దగ్గర ఈ పనికి తోడ్పడగలవు.

టెల్కో కాలనీ కొనుగోలుదారు చేతిలోనూ ఒక శక్తి ఉంది. పెద్ద పోతును కోశారన్న ఆర్భాటానికి కాక, వయసుకూ శుభ్రతకూ డబ్బు చెల్లించేవాడు ఎక్కువైతే కొట్టువాడు సంతలో అదే అడుగుతాడు, సంత పల్లెను అదే అడుగుతుంది. లేతదేనా అని అడగడం మన పెద్దలు నేర్పారు. దాని తండ్రిలాంటి పోతు ఆ ఊళ్ళో ఇంకా ఉందా అని కూడా అడగడం మనం మొదలుపెట్టాలి.