చూరులో దాచిన కత్తి

హత్య చేయువాడు సాక్షులను పిలుచుకొని చేయడు. చీకటియో, చెరువుగట్టో, తలుపులు మూసిన గదియో అతనికి చాలును. చూచిన కన్ను లేనప్పుడు న్యాయస్థానము దేనిని నమ్మవలెను? కొన్న పెట్టెను, ఎక్కిన బండిని, వ్రాసిన ఉత్తరమును, ఆరిన రక్తపు మరకను. వీనినన్నింటిని కలిపి పరిస్థితుల సాక్ష్యమందురు. దీనికి తోడు మరియొకటి యుండును: ఠాణాలో ముద్దాయి చెప్పినాడని పోలీసులు వ్రాసికొను వాంగ్మూలము. ఈ రెంటిని గూర్చియు మన దేశపు న్యాయస్థానములు నేటికిని తలచుకొను రెండు తీర్పులు తెలుగువారి కేసులలో పుట్టినవి. న్యాయవాదులకు కంఠస్థమైన ఈ సంగతి తక్కినవారికి అంతగా తెలియదు.

1937 మార్చి 23వ తేదీన పూరీ స్టేషనులో, మూడవ తరగతి బండిలో, ఎవరును తమదనని ఇనుప ట్రంకుపెట్టె యొకటి కనబడెను. తెరచి చూడగా ఏడు ఖండములుగా నరికిన మనుష్య దేహము! చనిపోయినవాడు పిఠాపురము దివానుగారి కొలువులో బంట్రోతుగా నుండినవాడు. దివానుగారి కుమార్తె 1936లో అతనివద్ద నూటికి పదునెనిమిది వడ్డీకి మూడువేల రూపాయలు అప్పు తీసికొనెను. ఆమె భర్త పాకల నారాయణస్వామి. మార్చి 20న బంట్రోతునకు ఒక ఉత్తరము వచ్చెను. బరంపురము రమ్మనుచున్నారు, బాకీ చెల్లింతురట, అని అతడు భార్యతో చెప్పి, మరునాడు రైలెక్కెను. తిరిగి రాలేదు.

చంపుట చూచినవారు లేరు. ఉన్నవి అప్పు కాగితములు, బరంపురములో కొన్న ట్రంకుపెట్టె, దానిని స్టేషనుకు చేర్చిన జట్కా. ఇక భార్యతో అతడు చెప్పిన ఆ మాట యున్నది. చావు దరిదాపులలో లేనప్పుడు ఆడిన మాట సాక్ష్యమగునా? అగునని లండనులోని ప్రీవీ కౌన్సిలు 1939 జనవరిలో తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవాడు లార్డు ఆట్కిన్. మరణమునకు దారితీసిన వ్యవహారములో ఆ ప్రయాణము ఒక భాగమే కదా యని ఆయన తర్కము. కాని నారాయణస్వామి పోలీసులతో చెప్పిన మాటను, అనగా ఆ మనిషి తన యింటికి వచ్చి ఒక రాత్రి పండుకొని పోయినాడన్న మాటను, ఆయన సాక్ష్యముగా స్వీకరింపలేదు. అది లేకున్నను మిగిలిన లంకెలు చాలినవి, అప్పీలు కొట్టివేయబడెను.

చనిపోయినవాని మాట నిలిచి, బ్రతికియున్నవాని మాట నిలువకపోవుట విద్యార్థికి వింతగా తోచవచ్చును. పోలీసులతో ఆడిన మాటపట్ల మన చట్టమునకు మొదటినుండియు అనుమానమే. స్టీఫెన్ దొర రచించిన 1872 నాటి సాక్ష్య చట్టము పోలీసు అధికారితో చేసిన నేరాంగీకారము ఎంతమాత్రమును పనికిరాదన్నది. పోలీసుల చేతిలో నుండగా మరెవ్వరితో చెప్పినను, మేజిస్ట్రేటు ఎదుట తప్ప, చెల్లదన్నది. ఆ మాట మనసులోనుండి వచ్చినదో, లాఠీలోనుండి వచ్చినదో తెలియు దారి లేదు గనుక. అయినను 27వ సెక్షనులో ఒక సందు విడిచిరి. ముద్దాయి చెప్పిన దానివలన ఏదైన వాస్తవము బయటపడినచో, దానికి స్పష్టముగా సంబంధించినంత మాటను మాత్రము రుజువు చేయవచ్చును. ఎంత మాట? అసలు తగవంతయు ఆ కొలత దగ్గరనే.

యాప్రాల్‌లో ఒక బడిలో మాస్టరుగారి గడియారము పోయినదనుకొందము. ఒక కుఱ్ఱవానిని గద్దించి అడుగగా, 'నేనే తీసితిని, వేపచెట్టు తొఱ్ఱలో పెట్టితిని' అన్నాడు. పోయి చూడగా గడియారము తొఱ్ఱలో నున్నది. దీనివలన తేలినదేమి? గడియారమున్న చోటు ఈ కుఱ్ఱవానికి తెలియును. అంతే. తానే పెట్టియుండవచ్చును, మరియొకడు పెట్టుచుండగా చూచియుండవచ్చును, విని యుండవచ్చును. 'నేనే తీసితిని' అన్న మాటకు తొఱ్ఱ సాక్ష్యమిచ్చుట లేదు. బెత్తము చేతనుంచుకొని అడుగువారికి ఈ భేదము తోచుట కష్టము.

గుంటూరు మండలములో ఇట్టి ప్రశ్నయే ప్రాణములమీదికి వచ్చెను. పల్లెకక్షలలో ఇద్దరు హతులైరి. పులుకూరి కోటయ్య మొదలైనవారు ముద్దాయిలు. పులిపాడు చెరువు మూలను పొంచి కొట్టితిమని, ఫలానివాడు పురికొల్పెనని ఒకడు ఠాణాలో చెప్పినట్లు వ్రాతలో నున్నది. బల్లెమును, కఱ్ఱను ఊరిలో ఒకరి గడ్డివామిలో దాచితిని, వచ్చిన చూపెదను అనియు నున్నది. అంతకుముందు 1937లో మద్రాసు హైకోర్టు మరియొక కేసులో ఇటువంటి వాంగ్మూలమంతయు చెల్లునన్నది. 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిలు ఆ త్రోవను త్రోసివేసెను. సర్ జాన్ బోమాంట్ వ్రాసిన తీర్పు ప్రకారము, వామిలో దాచిన మాట, చూపెదనన్న మాట చెల్లును. పొంచుట, కొట్టుట, పురికొల్పుట చెల్లవు. బయటపడిన వాస్తవమనగా వట్టి ఆయుధము కాదు. అది యున్న చోటును, ఆ చోటు ముద్దాయికి తెలియుటయును. చెల్లని భాగములు తీసివేసి, మిగిలిన సాక్ష్యము శిక్షకు చాలునేమో చూడుడని కేసును మద్రాసుకు తిప్పి పంపిరి. పాత చట్టము స్థానమున 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో ఈ నియమము 23వ సెక్షనున నిలిచియున్నది.

ఆ తీర్పులో నొక ఉదాహరణమున్నది. ఇంటి కప్పులో దాచిన కత్తిని చూపెదనని ఒకడు చెప్పి, దానితోనే ఫలానివానిని పొడిచితినని చేర్చినచో, ఆ చేర్పును కోసివేయవలెనట. ఇంగ్లీషులో ఆ చేర్పు వాక్యమునకు తోకవలె చివర వచ్చును, కోయుట సులభము. తెలుగువాడు అట్లు మాటలాడునా? 'నేను వానిని పొడిచిన కత్తి మా చూరులో నున్నది' అనును. నేరము క్రియాజన్య విశేషణమై కత్తికి ముందే అంటుకొనియున్నది! వ్యాకరణములో ఒక్క వాక్యము, న్యాయములో రెండు. 'పొడిచిన' అన్న నాలుగక్షరములు తీసినచో వాడు కత్తి యున్న చోటెరిగినవాడు, ఉంచినచో హంతకుడు. వాంగ్మూలము వ్రాయు రైటరు చేతిలో, దానిని ఇంగ్లీషు చేయువాని చేతిలో ఎంత బరువున్నదో భాష చెప్పువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ముద్దాయి పలుకుబడిని ఉన్నదున్నట్లు దించుటకంటె, చట్టమునకు సరిపోవునట్లు తీర్చి దించుట ఠాణాలకు అలవాటు. మధ్యవర్తుల సంతకములున్నంత మాత్రమున ఆ వ్రాతకు నమ్మకము రాదు.

పరిస్థితుల సాక్ష్యమునకు సుప్రీంకోర్టు 1984లో శారదా కేసున ఐదు నియమములను కూర్చెను. వానిలో మొదటిది పిల్లలకు పాఠముగా చెప్పదగినది: ముద్దాయి నేరము 'చేసియుండవచ్చును' అనుట వేరు, 'చేసియే యుండవలెను' అనుట వేరు. ఒక్క క్రియారూపము మారినచో ఒక మనుష్యుని జీవితము మారును.

2007 డిసెంబరులో విజయవాడ సమీపమున ఇబ్రహీంపట్నములో ఒక విద్యార్థిని హాస్టలులో హత్యకు గురియయ్యెను. చూచిన సాక్షి లేడు. మరుసటి యేడు పోలీసులు ఒక యువకుని పట్టుకొని, ఇతడే చేసెనని లోకమునకు చాటిరి. 2010లో విజయవాడ సెషన్సు కోర్టు అతనికి పదునాలుగేండ్ల శిక్ష వేసెను. 2017 మార్చి 31న హైకోర్టు ఆ సాక్ష్యమును నమ్మక, అతనిని నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయలిమ్మనెను. అప్పటికి అతడు జైలులో గడిపినది ఎనిమిదేండ్లకు పైమాట. అసలు హంతకుడెవడో ఆ తీర్పు చెప్పలేదు. అది దాని పనియు కాదు.