వార్తల్లో పదం: ఫార్మకోవిజిలెన్స్

మాత్ర వేసుకున్న గంటకే ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు. ‘మందు పడలేదు’ అనుకుని మానేస్తాం. కొన్నిసార్లు పాపం ఆ నేరం ముందురోజు తిన్న వంకాయ కూర మీద పడుతుంది! ఇలాంటి దుష్ప్రభావాలను నమోదుచేసి, కారణం మందేనా అని ఆరా తీసే నిఘాకే ఫార్మకోవిజిలెన్స్ అని పేరు.

థాలిడోమైడ్ నేర్పిన పాఠమిది. గర్భిణులు వాడిన ఆ మందు వల్ల వేలమంది పిల్లలు కాళ్లూచేతులూ ఎదగకుండా పుట్టారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ నిఘా మొదలుపెట్టింది.

మన దేశంలో ఇప్పుడున్న నిఘా కార్యక్రమం 2010లో మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీన్ని నడుపుతోంది. నెలసరి నొప్పికి చాలామంది వేసుకునే మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా ‘డ్రెస్’ సిండ్రోమ్ రావచ్చని 2023 నవంబరులో హెచ్చరించింది ఈ సంస్థే. జ్వరం, దద్దుర్లతో మొదలై కాలేయం దాకా పాకే అలర్జీ అది.

ఫిర్యాదు డాక్టరే చేయాలని లేదు. రోగి కూడా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మందు పేరు, బ్యాచ్ నంబరు అడుగుతారు. కాబట్టి ఖాళీ అయిన స్ట్రిప్ పారేయకండి.